డార్జిలింగ్ వీధుల్లో పొగబండిని చూడాలంటే

పొగబండి ఎక్కినవాళ్ళకు పొగబండి సరిగా కనిపించదు. పెట్టెలో కూర్చుంటే కిటికీలోంచి కొండలు, కొట్లు, జనం కనిపిస్తారు. ఇంజను మాత్రం మలుపు దగ్గర ఒక్క క్షణం తొంగిచూసి మళ్ళీ దాక్కుంటుంది. ఇంజను మీద ఇష్టంతో అంత దూరం వెళ్ళి, ఒక టికెట్ కొని ఎక్కి దిగి, అయిపోయిందనుకుని తిరిగొచ్చేవాళ్ళు చాలామంది. అలా చేయకండి. ఒకసారి ఎక్కండి, కనీసం మూడుసార్లు రోడ్డు పక్కన నిలబడి చూడండి. అసలు ఆనందం రోడ్డు పక్కనే ఉంది. ఈ వివరాలన్నీ అక్కడ నిలబడేవాళ్ళ కోసమే.

డార్జిలింగే ఎందుకంటే, మన దేశంలో ఆవిరి ఇంజను ఇంకా ఊరి మధ్యలోంచి, కొట్ల అరుగుల పక్కనుంచి, జీపులతో పోటీపడుతూ నడిచే చోటు ఇదే. నీలగిరి రైలు కూడా గొప్పదే. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా రంపంలా పళ్ళున్న పట్టా మీద ఆవిరి ఇంజను వెనకనుంచి నెట్టుకుంటూ ఎక్కే తీరు మన దేశంలో మరెక్కడా కనిపించదు. కానీ అది అడవి దారి. డార్జిలింగ్ రైలును 1879లో మొదలుపెట్టి 1881 జులైకి డార్జిలింగ్ చేర్చారు. అప్పటికే బండ్లు నడుస్తున్న హిల్ కార్ట్ రోడ్డు అంచునే పట్టాలు వేసుకుంటూ పోయారు. అందుకే పట్టాలు రోడ్డును ఇటు దాటి అటు దాటి పోతుంటాయి, ఊరు వచ్చినచోట ఊళ్ళోంచే పోతాయి. పట్టాల మధ్య దూరం 610 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులు. మనం రోజూ చూసే బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ లైను మీద ఇంజను మీ భుజానికి చేయి చాపినంత దూరంలో పోతుంది. దాని వేడి మొహానికి తగులుతుంది.

ముందుగా చేరడం గురించి. దగ్గరి పెద్ద స్టేషన్ న్యూ జల్పాయిగురి, విమానాశ్రయం బాగ్‌డోగ్రా. చెన్నై, బెంగళూరు వైపు నుంచి గువాహటి దిక్కుకు వెళ్ళే దూరప్రాంత బండ్లు విజయవాడ మీదుగా వచ్చి న్యూ జల్పాయిగురిలో ఆగుతాయి. అక్కడి నుంచి షేర్ జీపులో మూడు నాలుగు గంటలు. దారిలో వచ్చే కర్సియాంగ్ ఊరు దాటినప్పటి నుంచి పట్టాలు మీ పక్కనే వస్తుంటాయి. జీపులోంచే మలుపులు, రోడ్డు దాటే చోట్లు గమనిస్తూ వెళ్ళండి, మర్నాడు ఎక్కడ నిలబడాలో సగం అప్పుడే తెలిసిపోతుంది. న్యూ జల్పాయిగురి నుంచి డార్జిలింగ్ దాకా 88 కిలోమీటర్లు రోజంతా పాకే చిన్నబండి కూడా ఉంది, కానీ దాన్ని లాగేది డీజిల్ ఇంజను. ఆవిరి కోసం వచ్చినవాళ్ళు ఆ టికెట్ కొని నిరాశపడటం తరచుగా జరిగే పొరపాటు.

ఆవిరి ఇంజన్లను నమ్ముకోదగ్గది డార్జిలింగ్ నుంచి పైనున్న ఘూమ్ స్టేషన్‌కి వెళ్ళి తిరిగొచ్చే జాయ్‌రైడ్. మొత్తం రెండు గంటలు. పోయేటప్పుడు పట్టా గుండ్రంగా చుట్టు తిరిగే బతాసియా లూప్‌లో పది నిమిషాలు, ఘూమ్‌లో అరగంట ఆగుతుంది. ఐఆర్‌సీటీసీలో ఎక్కే స్టేషనూ దిగే స్టేషనూ డార్జిలింగే పెట్టి వెతకాలి, కోడ్ డీజే. ఒకే రోజు ఆవిరి బండ్లూ డీజిల్ బండ్లూ రెండూ ఉంటాయి. ఆవిరి బండి ఛార్జీ ఎక్కువ, కాబట్టి ధర చూసి పోల్చుకోవచ్చు, అయినా బుక్ చేసేముందు బండి పేరులో ఆవిరా డీజిలా చూసుకోవాలి. వేళలు సీజన్‌ని బట్టి మారతాయి. రోడ్డు పక్కన నిలబడేవాళ్ళకు టికెట్ అక్కర్లేదు గానీ వేళలు మాత్రం కావాలి. చేరిన రోజు సాయంత్రమే స్టేషన్‌కి వెళ్ళి, రేపు ఏ బండికి ఆవిరి ఇంజను కడుతున్నారో కౌంటర్లో అడగండి. ఇంజను మొరాయిస్తే దాని బదులు డీజిల్ కట్టి పంపే రోజులూ ఉంటాయి. కాబట్టి ఒక్క రోజు మీద ఆశ పెట్టుకోకండి, కనీసం రెండు పూర్తి రోజులు ఉంచుకోండి.

ఏ నెలలో వెళ్ళాలి? అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా. దీనికి రెండు కారణాలు. ఒకటి, ఆకాశం తేటగా ఉండి 8,586 మీటర్ల కాంచన్‌జంగా కనిపిస్తుంది. రెండోది అసలు కారణం, చలి. నిజమైన ఆవిరి కంటికి కనపడదు. బయటి గాలికి చల్లబడి సన్నని నీటి బొట్లయ్యాకే తెల్లగా కనిపిస్తుంది. గాలి ఎంత చల్లగా ఉంటే ఆ తెల్లమబ్బు అంత దట్టంగా, అంత సేపు నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం ఇంజను ఎంత కష్టపడినా పొగగొట్టం మీద పలచటి పొర తప్ప మరేమీ ఉండదు. అదే ఇంజను డిసెంబరు ఉదయం వీధి మొత్తాన్ని మబ్బులో ముంచుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, కొండచరియలు, ఆగిపోయే బండ్లు. ఆ నెలలు వదిలేయండి.

ఇంజను గురించి కొంచెం తెలుసుకుని నిలబడితే చూపే మారిపోతుంది. ఇక్కడివి బి క్లాస్ ఇంజన్లు. 1889 నుంచి 1925 దాకా తయారైనవి, మొత్తం 34. ఎక్కువ భాగం స్కాట్లండ్ నుంచి వచ్చినవే. మూడింటిని అమెరికాలో బాల్డ్‌విన్ వాళ్ళు కట్టారు, మరో మూడింటిని ఈ లైను మీదే ఉన్న తింధారియా వర్క్‌షాప్‌లో తయారుచేసుకున్నారు. చక్రాలు నాలుగే, నాలుగూ లాగేవే. చక్రం వ్యాసం 26 అంగుళాలు, సిలిండరు 11 అంగుళాలు, పిస్టను కదిలే దూరం 14 అంగుళాలు, బాయిలరు ఒత్తిడి చదరపు అంగుళానికి 140 పౌండ్లు. వెనకాల బొగ్గు మోసే టెండరు పెట్టె లేదు. బొగ్గు, డ్రైవరు నిలబడే క్యాబ్‌కు ముందు, బాయిలరు మీది తొట్టిలో ఉంటుంది. ఆ తొట్టి మీద ఒక మనిషి కూర్చుని బండి నడుస్తుండగానే సుత్తితో బొగ్గు పెళ్ళలు పగలగొడుతూ ఉంటాడు. నిప్పు మండే ఫైర్‌బాక్స్ చిన్నది, పెద్ద పెళ్ళలు వేస్తే పైపైన మసిబారి లోపల అంటుకోవు. అందుకే పిడికిలంత ముక్కలు చేసి పంపాలి. ఇంజను ఎదుటి దూలం మీద ఇద్దరు కూర్చుని చేత్తో పట్టాల మీద ఇసుక జారవిడుస్తారు. డ్రైవరు, నిప్పు చూసుకునే ఫైర్‌మన్, బొగ్గు కొట్టేవాడు, ఇసుకవాళ్ళిద్దరు, పాత పద్ధతిలో మొత్తం ఐదుగురు. ఇంత చిన్న ఇంజనుకు ఇంతమంది చేతులు కావడం మరో రైల్లో చూడలేరు. కాబట్టి కళ్ళు చక్రాల మీదే పెట్టకుండా ఈ మనుషుల పని మీదా పెట్టండి.

ఇప్పుడు నిలబడే చోట్లు.

మొదటిది ఇంజన్లు నిలిపే షెడ్డు. స్టేషన్ పక్కనే, రోడ్డు మీంచే కనిపిస్తుంది. చల్లారిన బాయిలరు ఒత్తిడికి రావడానికి గంటలు పడుతుంది, కాబట్టి మొదటి బండికి చాలా ముందే, తెల్లవారకముందే నిప్పు పెడతారు. డిసెంబరులో అక్కడ పొద్దు 6:20 ప్రాంతంలో పొడుస్తుంది. ఆ వేళకు మీరు రోడ్డు మీద ఉండాలి. మొదట నిప్పు రాజేసేటప్పుడు నల్లటి, పసుపు కలిసిన మందమైన పొగ నేలబారున పాకుతుంది. పొగగొట్టంలో ఇంకా గుంజు ఉండదు కదా. ఒత్తిడి కొంచెం పెరగగానే బ్లోయర్ తెరుస్తారు. అంటే పొగగొట్టం అడుగున సన్నటి ఆవిరి ధార వదిలి, దాంతో నిప్పులోకి గాలిని గుంజుతారు. అప్పుడు సన్నని ‘హుస్స్’మనే శబ్దం మొదలవుతుంది, పొగ నిటారుగా లేచి రంగు పలచబడుతుంది. ఈ మార్పు చూడటానికే పొద్దున్నే లేవాలి. షెడ్డు లోపలికి అడగకుండా అడుగుపెట్టకండి. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి పోవడం నేరం, పైగా నేలంతా నూనె, బూడిద గుంటలు. గేటు దగ్గర నిలబడి మర్యాదగా అడిగితే చెప్పేవాళ్ళు ఉంటారు. అక్కడివాళ్ళ మాట నేపాలీ. హిందీ చాలామందికి వస్తుంది. పెద్దవాళ్ళని ‘దాజు’ అని పిలవండి, మనం ‘అన్నా’ అన్నట్టు.

రెండోది స్టేషన్ నుంచి ఘూమ్ వైపు బజారు గుండా పోయే దారి. మాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఎక్కువ సేపు ఇక్కడే ఉండండి. పట్టాలు ఒకవైపు, కొట్ల తలుపులు మరోవైపు, మధ్య ఒక మనిషి పట్టేంత జాగా కూడా ఉండని చోట్లు ఉన్నాయి. కూరగాయల బుట్టలు పట్టాల మీంచి తీస్తారు, బండి పోతుంది, మళ్ళీ పెట్టేస్తారు. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. డార్జిలింగ్ స్టేషన్ ఎత్తు 2,076 మీటర్లు, ఘూమ్ 2,258. ఏడు కిలోమీటర్ల లోపు దూరంలో దాదాపు 180 మీటర్ల ఎక్కుడు. అంటే ఘూమ్ వెళ్ళేటప్పుడే ఇంజను కష్టపడుతుంది. పొగ, ఆవిరి, చప్పుడు అన్నీ అప్పుడే. తిరుగు దారిలో సిలిండర్లకు ఆవిరి వదిలే రెగ్యులేటర్ మూసి బరువుమీదే జారుతూ వస్తుంది. చప్పుడుండదు, పొగ పలచగా ఉంటుంది. మీకున్న సమయమంతా పైకెళ్ళే బండ్లకే ఇవ్వండి. దిగే బండ్ల వేళల్లో టీ తాగండి.

పోజిషన్ నిర్ణయించుకునేముందు పొగగొట్టం ఆ రోజు ఎటు తిరిగి ఉందో స్టేషన్‌లోనే చూసుకోండి. ఇంజను ముందు మొహంతో పోతుంటే మలుపు బయటి అంచున, ఎదురుగా వచ్చేట్టు నిలబడాలి. క్యాబ్ ముందు పెట్టుకుని పోతుంటే ఎదుటి నుంచి చూడటంలో అందం సగం పోతుంది. అప్పుడు పక్కకు నిలబడి చక్రాలను తిప్పే కడ్డీలు, సిలిండర్లలోకి ఆవిరి రాకపోకలు నడిపే వాల్వు గేరు చూడండి. వాల్షార్ట్ అనే రకం గేరు ఇది, బయటే ఉంటుంది కాబట్టి పిస్టను ఎలా తోస్తుందో, చక్రం తిరుగుడు మళ్ళీ ఆవిరి తలుపును ఎలా కదుపుతుందో కంటితో వెంటాడొచ్చు. ఒక్కసారి అర్థమైతే ఇక కళ్ళు తిప్పుకోలేరు.

బండి బయల్దేరే క్షణం మీద ఒక్కమాట. మొదటి నాలుగైదు చక్రాల తిరుగుళ్ళలో సిలిండర్ల అడుగు నుంచి రెండు పక్కలకూ ఆవిరి బుసకొడుతూ చిమ్ముతుంది. అది కావాలని తెరిచిన డ్రెయిన్ కాక్స్ పని. ఆగి ఉన్నప్పుడు సిలిండర్లు చల్లబడి లోపల నీళ్ళు చేరతాయి. నీళ్ళు నొక్కుడుపడవు కాబట్టి అలాగే పిస్టను తోస్తే సిలిండరు మూత పగలగలదు. అందుకని ముందు నీళ్ళు వదిలేస్తారు. అది నేలకు అడుగు ఎత్తులో, సరిగ్గా పిల్లలు నిలబడే ఎత్తులో చిమ్ముతుంది. ఆగి ఉన్న ఇంజను సిలిండర్ పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసేవాళ్ళను చూస్తే మాకు గుండె ఆగుతుంది. కనీసం మూడు మీటర్లు వెనక్కి జరపండి. 140 పౌండ్ల ఒత్తిడిలో ఆవిరి వేడి 180 డిగ్రీలు దాటుతుంది. ఇంకో సంగతి: ఒత్తిడి మించితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు దగ్గర, చిల్లుల దగ్గర తెల్లమబ్బు మొదలయ్యేలోపు కొంచెం ఖాళీ కనిపిస్తుంది. ఖాళీ కాదది. కంటికి కనిపించని అసలు ఆవిరి అక్కడే ఉంది. తెలుపు లేని చోటే ఎక్కువ కాలుతుంది.

ఇక వినడం. ఈ ఇంజనుకు రెండు సిలిండర్లు, ఒక్కొక్కటి రెండు వైపులా తోస్తుంది, కాబట్టి చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు ‘ఛుక్’లు. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2.07 మీటర్లు పోతుంది. అంటే ప్రతి ఛుక్‌కు దాదాపు 52 సెంటీమీటర్లు. దీంతో వేగం లెక్క కట్టొచ్చు. 20 ఛుక్‌లు ఎన్ని సెకన్లలో వచ్చాయో చూసి, 37ని ఆ సెకన్లతో భాగించండి, గంటకు కిలోమీటర్లు వస్తాయి. ఐదు సెకన్లు పడితే ఏడున్నర కిలోమీటర్లు, నాలుగైతే తొమ్మిది చిల్లర. కళ్ళు మూసుకుని చేయగలిగిన లెక్క ఇది. నాలుగూ ఒకే బరువుతో పడుతున్నాయా లేదా కూడా వినండి. మూడు గట్టిగా ఒకటి మెత్తగా పడుతుంటే వాల్వుల సర్దుబాటు సమంగా లేదన్నమాట. పాతకాలపు డ్రైవర్లు ఇంజను ఆరోగ్యం ఇలాగే కనిపెట్టేవాళ్ళు.

ఉన్నట్టుండి ఛుక్‌లు గబగబా దొర్లిపోయి బండి మాత్రం కదలకపోతే చక్రాలు జారుతున్నట్టు. పొద్దుటి మంచు, సన్నటి చినుకు, రాలిన ఆకులు, రోడ్డు దాటే చోట జీపుల నుంచి కారిన నూనె, వీటిలో ఏదైనా చాలు. డ్రైవరు వెంటనే రెగ్యులేటర్ మూస్తాడు, ఎదుటి ఇద్దరూ ఇసుక వేస్తారు, మళ్ళీ మెల్లగా తెరుస్తాడు. బాగా వర్షం పడి పట్టాలు పూర్తిగా కడిగేసినట్టైతే జారుడు తక్కువ. మురికి మీద పడ్డ కొద్దిపాటి తడే ప్రమాదం. అందుకని పొగమంచు ఉన్న ఉదయం విసుక్కోకండి. కాంచన్‌జంగా కనిపించకపోయినా ఇంజను పోరాటం ఆ రోజే ఎక్కువ.

పొగ కూడా కబుర్లు చెబుతుంది. దట్టమైన నలుపు వస్తే అప్పుడే కొత్త బొగ్గు వేశారు, లేదా నిప్పుకు గాలి చాలడం లేదు. పలచటి బూడిద రంగైతే ఫైర్‌మన్ పని బాగుంది. జనం నల్లపొగకు చప్పట్లు కొడతారు గానీ ఫైర్‌మన్‌కు అది వృథా పోయిన బొగ్గు. సేఫ్టీ వాల్వు ఒక్కసారిగా గర్జిస్తూ తెరుచుకుందంటే ఒత్తిడి నిండింది, బయల్దేరేముందు అది మంచి శకునం. మలుపులో బండి ఆగి, ఛుక్‌ల బదులు బ్లోయర్ హుస్సు మాత్రమే చాలాసేపు వినిపిస్తే ఒత్తిడి పడిపోయిందని, కోలుకోవడానికి ఆగారని అర్థం. బూడిద ఎక్కువున్న బొగ్గు వచ్చిన రోజు ఇది మామూలే. నిప్పు మీద బూడిద కరిగి పెళ్ళకట్టి గాలికి అడ్డుపడుతుంది, దాన్ని ఇనప కడ్డీతో కెలికి విరగ్గొట్టాలి. ఇలాంటప్పుడు పరుగున వెళ్తే, నడుస్తున్న బండిలో ఎన్నడూ చూడలేనంత తీరిగ్గా ఆ పనంతా చూడొచ్చు.

మూడో చోటు బతాసియా లూప్, ఊరి నుంచి ఐదు కిలోమీటర్లు, ఘూమ్‌కు కాస్త కింద. 1919లో వేసిన ఈ చుట్టులో పట్టా తన మీద తానే దాటుతుంది, మధ్యలో గూర్ఖా సైనికుల స్మారకం. చిన్న ప్రవేశ రుసుం ఉంటుంది. అందరూ స్మారకం దగ్గర గుమికూడతారు, అక్కడ మీకు ఇంజను కన్నా సెల్ఫీ కర్రలే ఎక్కువ కనిపిస్తాయి. లూప్ లోపలి అంచున తోటలో ఎత్తైన చోటు చూసుకుని, బండి రావడానికి అరగంట ముందే నిలబడండి. బండి చుట్టూ తిరుగుతుంది కాబట్టి మీరు కదలకుండానే ఎదురు, పక్క, వెనక మూడూ దొరుకుతాయి. మంచుకొండ కావాలంటే మొదటి బండికే వెళ్ళాలి. పొద్దెక్కేకొద్దీ మబ్బు కమ్ముతుంది. జీపు కోసం డార్జిలింగ్‌లో ఆఖరి నిమిషాన వెతక్కండి. ట్రాఫిక్ ఇరుక్కుంటే బండే మీకన్నా ముందు చేరుతుంది.

ఘూమ్ గురించి క్లుప్తంగా. మన దేశంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న రైల్వే స్టేషన్. ఇంజను విప్పుకుని పక్క పట్టా మీంచి బండి అటు కొసకు వచ్చి తగులుకునే పని ఇక్కడ దగ్గరగా చూడొచ్చు. మ్యూజియం ఉంది, బేబీ శివోక్ అనే బుల్లి పాత ఇంజను ఉంది. అరగంటలో మ్యూజియమా ఇంజనా అంటే ఇంజనే. మ్యూజియం ఎక్కడికీ పోదు.

ఒక రోజు మిగిలితే కర్సియాంగ్ బజారు చూడండి, పట్టా బజారు మధ్యలోంచే పోతుంది. అక్కడికి ఆవిరి బండి వచ్చే రోజులు తక్కువ, ముందే కనుక్కుని వెళ్ళాలి.

జాగ్రత్తల్లో ముఖ్యమైనది రైలు గురించి కాదు, జీపుల గురించి. అంతా ఇంజనునే చూస్తూ వెనక్కి అడుగులేస్తారు, వెనక రోడ్డు ఉంటుంది. ప్రతి చోటా ముందు వెనకాల చూసుకుని, గోడో గట్టో వెన్నుకు ఆనించుకుని నిలబడండి. గోడకూ బండికీ మధ్య ఇరుక్కునే చోట కాదు, కొట్టు అరుగు మీదో మెట్టు మీదో. పట్టా నుంచి రెండు మీటర్లు తగ్గకుండా ఉండాలి. మలుపులో పెట్టె కొసలు బయటికి, నడుము లోపలికి తోసుకొస్తాయి, అందుకే ఇంజనుకు తగలని చోట నిలబడ్డా వెనక పెట్టె మెట్టు తగలొచ్చు. మలుపు దగ్గర ఇంకో అర మీటరు ఎక్కువ వదలండి. ఇరుకు వీధిలో కూత చెవులు చిల్లులు పడేలా ఉంటుంది, పసిపిల్లల చెవులు ముందే మూయండి. పట్టా మీద నాణేలు పెట్టే సరదా వద్దు.

తెల్ల బట్టలు వేసుకోకండి, మసి పడుతుంది. మఫ్లరు, కళ్ళద్దాలు తీసుకెళ్ళండి. కంట్లో నెరుసు పడితే నలపకుండా నీళ్ళతో కడగాలి, అందుకు ఒక నీళ్ళసీసా చేతిలో ఉండాలి.

ఫొటోల విషయానికొస్తే, ఊళ్ళో పెద్ద లెన్సులు పనికిరావు. 24–70 మిల్లీమీటర్ల లెన్సు చాలు, 70–200ది బతాసియాలో మాత్రమే బయటికి తీయండి. బండి వేగం తక్కువే అయినా కడ్డీలు వేగంగా తిరుగుతాయి, అవి స్పష్టంగా రావాలంటే షట్టరు వేగం సెకనులో 500వ వంతు ఉండాలి. బండి నిలకడగా, వీధి చెదిరినట్టు రావాలంటే 30వ వంతు పెట్టి బండితో పాటు కెమెరా తిప్పాలి. పదికి ఒకటి కుదురుతుంది, కాబట్టి వరసగా తీయండి. తెల్లటి ఆవిరి ఫ్రేము నిండితే కెమెరా మోసపోయి ఇంజనును నల్లటి ముద్ద చేస్తుంది. కెమెరా ఎక్స్‌పోజర్‌ను (వెలుతురు కొలతను) ఒక స్టాపులో మూడింట రెండు వంతులు పెంచండి. ఎండ ఇంజను వెనకనుంచి వస్తుంటే పెంచకండి. అప్పుడు ఆవిరి అంచులు వెలుగుతాయి, నలుపే అందం. ఫోనుతో తీసేవాళ్ళు ఇంజను బాడీ మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేసుకోవాలి. చప్పుడు రికార్డు చేయాలంటే పది మీటర్ల దూరం నుంచి, గాలి సోకకుండా ఏదో గోడ మలుపు చాటున పెట్టండి. మరీ దగ్గరైతే కూతకు ఫోను శబ్దాన్ని అణిచేస్తుంది, ఆ తర్వాత రెండు సెకన్ల ఛుక్‌లు వినపడవు. చలికి బ్యాటరీలు తొందరగా పడిపోతాయి, ఒకటి లోపలి జేబులో పెట్టుకోండి. బయటి చలి నుంచి హీటరున్న గదిలోకి వచ్చాక కెమెరాను అరగంట సంచిలోనే ఉంచాలి, లేకపోతే లెన్సు మీద ఆవిరి పడుతుంది.

కెమెరా లేకుండా ఒక్క బండినైనా చూడండి. తెర చూస్తూ నిలబడ్డవాళ్ళకు వేడి బొగ్గు, తడి ఆవిరి, కాలిన నూనె కలిసిన ఆ వాసన గుర్తుండదు.

ఆఖరి రోజు ఆఖరి బండి తిరిగొచ్చాక స్టేషన్ నుంచి వెంటనే వెళ్ళిపోకండి. ఇంజను షెడ్డుకు పోయి, నిప్పు కెలికి బూడిద, కణకణలాడే బొగ్గు కింది గుంటలోకి దింపుతారు. డిసెంబరులో పొద్దు 4:45కే కుంగుతుంది, కాబట్టి ఆ ఎర్రటి వెలుగు చక్రాల మధ్యనుంచి చీకట్లోకి పడటం రోడ్డు మీంచే కనిపిస్తుంది. మామూలుగా ఆ పని ఐదు, పది నిమిషాలే. ఐఎస్ఓ 3200, సెకనులో 60వ వంతు, లెన్సు పూర్తిగా తెరిచి ఉంచండి. నీళ్ళు పోస్తే ఒక్కసారిగా తెల్లటి ఆవిరి లేచి ఎరుపంతా కప్పేస్తుంది, కాబట్టి నీళ్ళ గొట్టం తీయకముందే తీసేసుకోవాలి.